గుట్ట ముందు, చెరువు తర్వాత

హనుమకొండ

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలనూ మీ అత్తగారినీ వెంటబెట్టుకుని వస్తున్నానని, అందరూ ఎక్కగలిగే గుట్ట ఏదైనా చెప్పమని రాశావు. అందుకు అడవిలోకి పోనక్కరలేదు బిడ్డా. పద్మాక్షి గుట్ట ఎక్కి దిగి, భద్రకాళి చెరువు కట్ట మీదుగా నడిచి, వేయిస్తంభాల గుడి చూసుకుని బయలుదేరిన చోటికే చేరితే నాలుగైదు కిలోమీటర్లు. ఆగుతూ పోతే ఒక పూట పని. మధ్యలో ఊరి రోడ్లు, ఆటోల హారన్లు తప్పవు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనవద్దు.

వచ్చినవాళ్లు చాలామంది ముందు చెరువు దగ్గర కూర్చుని ఫొటోలు దిగుతారు. ఎండ ముదిరాక గుట్ట వైపు చూసి, మరోసారి వద్దాంలే అంటారు. నువ్వు తెల్లవారగానే గుట్టతో మొదలుపెట్టు. పది దాటితే ఆ రాతి మీద ఒట్టి కాలు నిలవదు, గుడి దగ్గర చెప్పులు విప్పక తప్పదు. పైగా రాతిలో చెక్కినదేదైనా ఉదయపు ఏటవాలు ఎండలోనే బాగా కనబడుతుంది. గీతల లోతుల్లో నీడ పడి అక్షరం తేలుతుంది. నడినెత్తిన ఎండ ఉంటే రాయి అంతా ఒకటే చదునుగా అనిపిస్తుంది.

పైన తొందరపడకండి. ఇప్పుడు అమ్మవారి గుడిగా పూజలందుకుంటున్న ఆ చోటు ఒకప్పుడు జైన బసది, అంటే జైనుల గుడి. పేరు కడలాలయ బసది. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు కాలంలో, 1117లో, మంత్రి బేతన భార్య మైలమ దాన్ని కట్టించి భూమి దానమిచ్చిందని అక్కడి నాలుగు పలకల రాతి స్తంభం మీది శాసనం చెబుతుంది. అప్పటికి కాకతీయులు కల్యాణి చాళుక్యుల సామంతులే. వరంగల్ కోట లేదు, రుద్రమదేవీ పుట్టలేదు. పిల్లలను స్తంభం చుట్టూ తిప్పి నాలుగు ముఖాలూ చూపించు. రాతి మీద తీర్థంకరుల బొమ్మలున్నాయి. వాటి మీద చేతులు రాయనివ్వవద్దు, పసుపు కుంకుమలు, నూనె పూయనివ్వవద్దు. భక్తితో పూసినా నూనె నూనే, ఆ జిడ్డు రాతిలోకి దిగితే వదలదు.

అక్కడి నుంచి తూర్పుకు తిరిగితే చెరువు. పొద్దున సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఫొటోలు సరిగా రావు, ఫోను జేబులో పెట్టుకుని చూడండి. ఈ రాతి గుట్టల మీద పడిన వాన ఇంకడానికి చోటు లేక కిందికి జారుతుంది. దానికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు. అది నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీరు పల్లంలో ఉన్న మరో చెరువుకు. కాకతీయులు ఈ ప్రాంతమంతా చేసిన పని ఇదే. గణపతిదేవుడి కాలంలో పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువులు వచ్చాయి. కిందికి దిగాక నీళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఈ అమరిక కనిపించదు. పెద్దవాడికి ఒక పని అప్పగించు: వాన నీరు ఏ దారిన పోవాలో పైనుంచి వేలితో గీయమను. ఆ దారిలో ఇప్పుడు ఎన్ని ఇళ్లున్నాయో వాడే లెక్కపెడతాడు. 2020 ఆగస్టులో ఇక్కడి కాలనీలు ఎందుకు మునిగాయో నేను వేరే చెప్పనక్కరలేదు.

దిగేటప్పుడే మోకాళ్లకు పరీక్ష. మీ అత్తగారిని మెట్ల మీద కొంచెం పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగమను. ముందురోజు వాన పడితే మెట్లు వదిలి బండల మీదికి పోవద్దు, పాచి కనబడకుండానే జారుస్తుంది. కోతులున్నాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే అందులో ఏముందో చూసిగాని వదలవు. అరటిపళ్లు మానేసి సర్వపిండి సంచి అడుగున పెట్టుకో, నీళ్లు మనిషికో సీసా.

కట్ట మీద నడక గురించి చెప్పడానికేమీ లేదు, అందరూ నడిచేదే. 2024 చివర్లో పూడిక తీయడానికి ఈ చెరువును ఖాళీ చేశారు. అందుకని పాత ఫొటోల్లో చూసినట్లే నీళ్లుంటాయని పిల్లలకు మాట ఇవ్వకు.

వేయిస్తంభాల గుడి ఆఖరున పెట్టుకోండి, లోపల నీడ ఉంటుంది. రుద్రదేవుడు 1163లో కట్టించాడు. గుట్ట మీది శాసనంలో సామంతులుగా ఉన్నవాళ్లు నలభై ఆరేళ్లకు తమ విజయాలను సంస్కృతంలో చెక్కించుకునే స్థాయికి వచ్చారు. ఈ గుడిలోని ఆ సంస్కృత శాసనం రాసిన కవి అచింతేంద్రుడు. నంది దగ్గర అందరూ ఆగుతారు, మీరు ఎదుటి కల్యాణమండపం దగ్గర కూడా ఆగండి. కుంగిపోతుంటే 2006లో రాయి రాయి విప్పారు, తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి అయింది. విప్పినంత సులువు కాదు పేర్చడం!

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం నడక పెట్టుకోవద్దు. గుట్ట కింద ఉన్న పద్మాక్షి గుండం దగ్గర అడుగు పెట్టే సందు ఉండదు. ఆ రోజు బతుకమ్మ ఆడడానికి రా, గుట్ట దసరా దాటాక ఎక్కవచ్చు. అప్పటికి సీతాఫలాలు కూడా వస్తాయి.

రైలైతే కాజీపేటలో దిగండి, ఇంటికి అదే దగ్గర. మీ అత్తగారికి చేతికర్ర అలవాటుందో లేదో ముందే ఫోను చేసి చెప్పు. లేకపోతే నాది ఇస్తాను, నాకు ఇంకొకటుంది.

మామయ్య