తీర్థంలో తోలుబొమ్మలాట పెట్టిస్తున్న మేనల్లుడికి

చి. సూర్యానికి, ఆశీస్సులు.

షష్ఠి తీర్థానికి మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్ళని పిలిపిస్తున్నామని రాశావు. చాలా సంతోషంరా. కానీ పకోడీల కొట్లకీ రంగులరాట్నానికీ మధ్య ఆడిద్దామన్న ఆలోచన మానుకో. అక్కడ ఎంత మంచి బొమ్మనైనా జనం రెండు నిమిషాలు చూసి కదిలిపోతారు. తప్పు వాళ్ళది కాదు, చోటుది.

ఊరి చివర కోత అయిపోయి ఆరిన మడి చూడు. వీధిదీపం తెర ముఖాన పడితే రంగులన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. తెరని తూర్పు ముఖంగా కట్టించు. షష్ఠి నాడు ఎనిమిది దాటాక చంద్రుడు పడమటికి వాలి, తెర వెనక్కి పోతాడు.

తెరకి గంజి పెట్టని తెల్ల పంచెలు కావాలి, ముడత లేకుండా బిగించాలి. పైఅంచు జనం వైపు కాస్త వాలాలి. అప్పుడే బొమ్మ గుడ్డకి ఆనుకుని నిలుస్తుంది. నిటారుగా కడితే బొమ్మ వెనక్కి తూలి, అంచులు మసకబారతాయి. కదలకుండా నిలవాల్సిన బొమ్మలకి వాళ్ళు ఈతముల్లు గుచ్చుతారు, గుడ్డకి చిల్లు పడుతుందని అడ్డుచెప్పకు.

దీపం దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. తెల్లటి ఎల్‌ఈడీ వద్దు, ట్యూబులైటు అసలే వద్దు. పసుపు వెలుగిచ్చే బల్బులు తెర వెనక, ఆడించేవాళ్ళ తలలకి పైన వేలాడాలి. వాళ్ళ వీపు వెనక పెడితే మనుషుల నీడలే తెర మీద పడతాయి. సరిగ్గా అమరితే రావణుడి కిరీటంలోని ఒక్కో చిల్లూ రత్నంలా మెరుస్తుంది. చిన్న ఉలితో తోలులో తొలిచినవే అవన్నీ. ప్లాస్టిక్ షీటు మీద అచ్చువేసిన బొమ్మలో నగలు రంగు చుక్కలే, వెలుతురు వాటిలోంచి రాదు. ఎవరైనా చవగ్గా అవి తెస్తామంటే ఒప్పుకోకు.

ఆడించేవాళ్ళ కాళ్ళ కింద చెక్కపలకలు పరిపించు. యుద్ధఘట్టాల్లో అడుగుల చప్పుడే సగం ఆట, మట్టి నేల దాన్ని మింగేస్తుంది. జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యాన్ని టైము చాలదని కోయించకు. జనాన్ని కూర్చోబెట్టేది అదే. రికార్డు పాట పెట్టనే వద్దు, హార్మోనియం, మద్దెల, తాళాలు ఎదురుగా మోగాలి.

మైకులో "మూడొందల ఏళ్ళ నాటి బొమ్మలు" లాంటి మాటలు చెప్పించకు. కొత్త బొమ్మైతే కొత్తదనే చెప్పు. ఆట అయ్యాక పిల్లల్ని తెర వెనక్కి పంపించు. ముందే పంపితే ఆ వింత పోతుంది.

మార్గశిరం మంచు తోలుకి పడదు. తేమకి వంకరపోతుంది, తడిగుడ్డతో తుడిస్తే రంగు ఊడుతుంది. బొమ్మలపెట్టెని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టించి, పైన టార్పాలిన్ కప్పించు. ఆడించేవాళ్ళకి భోజనాలు ఆటకి ముందే పెట్టించు, తెల్లవారే దాకా గొంతు వాళ్ళకి కావాలి.

ఇట్లు,
మామయ్య