స్కోరు పుస్తకంలో లేని ఆట

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

బిల్ రసెల్ జీవితం మీద నువ్వు పంపిన చిత్తుప్రతి మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. ఎక్కడ చూసినా క్రికెట్ కబుర్లే వినిపించే రోజుల్లో భీమవరంలో కూర్చుని ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి మీద పుస్తకం రాయాలని పూనుకున్నావు. ఆ పూనిక నాకు చాలా నచ్చింది. అందుకే మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు మొదటి పేజీ సంగతి. ‘దిగ్గజం’ నాలుగుసార్లు, ‘తిరుగులేని’ మూడుసార్లు, ‘చరిత్ర సృష్టించాడు’ రెండుసార్లు వచ్చాయి. అన్నీ కొట్టేయ్. ఆ చోట ఒక జెర్సీ గురించి రాయి. అమెరికాలోని ఓక్లండ్‌లో మెక్‌లైమండ్స్ హైస్కూల్ జూనియర్ జట్టులో పిల్లలు 16 మంది, జెర్సీలు 15. మిగిలిన ఒక్క జెర్సీ రసెల్‌కీ ఇంకో కుర్రాడికీ ఉమ్మడి. ఒక ఆటకి ఇతను తొడుక్కుంటే, ఆ పై ఆటకి అతను. అలా సగం జెర్సీతో మొదలైనవాడు తర్వాత అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు తరఫున 13 సీజన్లు ఆడి 11 సార్లు ఛాంపియన్ అయ్యాడు. ఈ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి పెడితే విశేషణాలతో పనిలేదు. నువ్వేమో జెర్సీ సంగతి పద్నాలుగో పేజీలో ఒక్క ముక్కలో తేల్చేశావు.

ఇక అంకెలు. 963 ఆటలు, 14,522 పాయింట్లు, 21,620 రీబౌండ్లు అని వరుసగా దింపేశావు. అన్నీ సరైనవే. కానీ మన పాఠకుడికి 21,620 అంటే ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? ఆటకి సగటున 22.5 అని చెప్పు. రీబౌండ్ అంటే గురితప్పి రిమ్ముకో బోర్డుకో తగిలి వెనక్కొచ్చిన బంతిని ఒడిసిపట్టడం అని, ఆ మాట వచ్చిన మొదటిచోటే ఒక్క వాక్యంలో చెప్పు. దాని వెనకాలే నిజం కూడా చెప్పాలి. ఆ రోజుల్లో జట్టు ఆటకి 100కి పైగా షాట్లు వేసేది, పదింట నాలుగే పడేవి. తప్పిన షాట్లు ఎక్కువ కాబట్టి రీబౌండ్లూ ఎక్కువే. ఇప్పటి ఆటగాడికి 12 వస్తే గొప్ప, రసెల్‌కి 22 వచ్చాయి కాబట్టి రెట్టింపు గొప్ప అని రాస్తే, ఆట తెలిసినవాడు పుస్తకం అక్కడే మూసేస్తాడు. అలాగే 1957లో లీగ్‌లో ఉన్నవి ఎనిమిదే జట్లు, టైటిల్‌కి రెండు సిరీస్‌లు గెలిస్తే చాలు. ఇది దాచకు. దాచిన సంగతి ఎవరో ఒకరు బయటపెడతారు, అప్పుడు నువ్వు రాసిన మిగతావన్నీ కూడా అనుమానంలో పడతాయి. అన్నీ చెప్పాక కూడా పదకొండు పదకొండే.

సీజన్ల లెక్కలో నువ్వు ఒకచోట తడబడ్డావు. సీజన్ అక్టోబరు ప్రాంతంలో మొదలై మరుసటి ఏడు వేసవిలో ముగుస్తుంది. 1956-57 సీజన్ టైటిల్‌ని 1957 టైటిల్ అంటారు. రసెల్ 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, డిసెంబరులో గానీ సెల్టిక్స్‌లో చేరలేదు. అందుకే మొదటి సీజన్లో ఆడింది 48 ఆటలే. మొత్తం సీజన్ ఆడినట్టు రాశావు, దిద్దుకో. టైటిళ్ల సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో: 1957, 1959 నుంచి 1966 వరకు వరసగా ఎనిమిది, ఆపైన 1968, 1969.

డబ్బుల దగ్గర ఇంకో పొరపాటు. ప్రత్యర్థి ఆటగాడు విల్ట్ చాంబర్లిన్‌కి లక్ష డాలర్ల కాంట్రాక్టు వచ్చిందని తెలిసి, రసెల్ 1965లో 1,00,001 డాలర్లు అడిగి తీసుకున్నాడు. ఆ ఒక్క డాలర్ బాగా పట్టుకున్నావు. కానీ పక్కన ఇవాళ్టి మారకం రేటుతో రూపాయలు వేశావు. అప్పట్లో డాలర్ 4 రూపాయల 76 పైసలు. ఆ లెక్కన సుమారు నాలుగు లక్షల డెబ్బై ఆరు వేలు. అదే రాయి, లేకపోతే డాలర్లలోనే వదిలెయ్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ పుస్తకంలో రసెల్ ఆట కనపడటం లేదు. నూట ఇరవై పేజీల్లో ‘అద్భుతమైన బ్లాక్’ అన్న మాట ముప్ఫై చోట్ల ఉంది, బ్లాక్, అంటే అవతలివాడు వేసిన షాట్‌ని గాల్లోనే ఆపడం, ఎలా చేశాడన్నది ఒక్కచోట కూడా లేదు. లీగ్‌లో బ్లాక్‌లు లెక్కరాయడం మొదలైంది 1973-74 సీజన్లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. అంటే అతను దేనికి పేరుమోశాడో ఆ పనికి అధికారిక లెక్క ఒక్కటి కూడా లేదు. ఆటకి ఇన్ని బ్లాక్‌లు చేసి ఉంటాడని వేసే అంచనాల జోలికి పోకు. స్కోరు పుస్తకం వదిలేసిన దాన్ని నువ్వు కళ్లకి కట్టాలి. నీ పుస్తకానికి పని ఉన్నది అక్కడే.

ఎలాగో చెబుతాను. దొరికిన పాత ఫిల్ము ముక్క ఒకటి తీసుకుని మూడుసార్లు చూడు. మొదటిసారి బంతిని చూడు. రెండోసారి బంతిని మరిచిపోయి రసెల్ పాదాలే చూడు. ఎక్కడ నిలబడ్డాడు, ఎన్ని అంగలు వేశాడు, అవతలివాడు లేచాక లేచాడా, ముందే లేచాడా. మూడోసారి మిగతా నలుగురు సెల్టిక్స్‌ని చూడు. వాళ్లు తమ మనిషిని అంచుల్లో మరీ దగ్గరగా కాస్తుంటారు. దాటుకుని లోపలికి పోతే పోనిమ్మన్న ధీమా, లోపల రసెల్ ఉన్నాడు కదా. ఈ మూడూ చూశాకే కలం పట్టుకో.

బ్లాక్ నిబంధన పాఠకుడికి ముందే చెప్పు. షూటర్ చేతిలోంచి బయల్దేరిన బంతి పైకి లేస్తున్నప్పుడే తాకాలి. బుట్ట వైపు దిగడం మొదలెట్టాక తాకితే గోల్‌టెండింగ్, పడకపోయినా పడ్డట్టే లెక్క. అంటే దొరికేది రెప్పపాటు. రసెల్ ఎడమచేతి వాటం. నీ పుస్తకంలో ఈ మాటే లేదు! షూటర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లు. ఎదురుగా నిలబడ్డవాడికి ఆ బంతి సరిగ్గా ఎడమచేతి పక్కనే లేస్తుంది. కుడిచేతివాడైతే చెయ్యి ఒంటికి అడ్డంగా తిప్పి అందుకోవాలి, ఆ తిప్పడంలో అవతలివాడి మోచేతికి తగిలి ఫౌల్ అవుతుంది. రసెల్‌కి ఆ బాధ లేదు, చెయ్యి నిటారుగా లేపితే చాలు.

తర్వాత బంతి ఎక్కడికి పోయింది? నువ్వు మెచ్చుకోలుగా ‘బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టాడు’ అని రాశావు. రసెల్ విషయంలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదమ్మా. బంతి గీత దాటితే మళ్లీ అవతలి జట్టుకే ఇస్తారు, వాళ్లు ఇంకో షాట్ వేస్తారు. చప్పట్లు తప్ప మిగిలేది ఏమీ ఉండదు. రసెల్ బంతిని కొట్టడు, వేళ్లతో తోస్తాడు. అది కోర్టులోనే పడి, తనకో తనవాళ్లకో అందుతుంది. అక్కణ్నుంచి సహచరుడు బాబ్ కూసీకి పాసు, రెండు మూడు సెకన్లలో అవతలి బుట్టలో రెండు పాయింట్లు. ప్రత్యర్థికి రావలసిన రెండు పోయాయి, తనకి రెండు వచ్చాయి. వెరసి నాలుగు పాయింట్ల తేడా. స్కోరు పుస్తకంలో ఆ రెండూ వేసినవాడి పేరు మీదే ఉంటాయి.

నువ్వు రసెల్‌ని ‘వరద గోదారిలా విరుచుకుపడ్డాడు’ అన్నావు. గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకి ఆ పోలిక నోటికొచ్చేస్తుంది, అందుకే అనుమానించాలి. నది నుంచే పోలిక కావాలంటే ధవళేశ్వరం తీసుకో. 1852లో కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట గోదారిని ఆపేసి ఊరుకోలేదు, నీటి మట్టం లేపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవల్లోకి మళ్లించింది. సముద్రంలోకి పోయే నీళ్లు చేలకి పారాయి. రసెల్ బ్లాక్ అచ్చం ఆ పని. ఈ పోలిక పుస్తకంలో ఒక్కసారే వాడు, రెండోసారి వాడితే పలచబడిపోతుంది.

1957 ఫైనల్ ఏడో ఆట మీద ఒక అధ్యాయం మొత్తం పెట్టు. సెల్టిక్స్ షూటర్లు కూసీ, బిల్ షర్మన్ ఇద్దరూ కలిసి ఆ రోజు 40 షాట్లు వేస్తే పడ్డవి ఐదు. మరి సెయింట్ లూయిస్ హాక్స్ మీద రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 125-123తో ఎలా గెలిచారు? ఆ ప్రశ్నతోనే అధ్యాయం మొదలుపెట్టు. సెల్టిక్స్ ఆటగాడు టామ్ హైన్‌సన్ 37 పాయింట్లు వేశాడు, రసెల్ 32 రీబౌండ్లు పట్టాడు. మామూలు సమయం ఆఖరి ఘడియల్లో హాక్స్ ఆటగాడు జాక్ కోల్‌మన్‌కి సగం కోర్టు దగ్గర బంతి అందింది, ముందు అడ్డం ఎవరూ లేరు. రసెల్ అవతలి కొసన ఉన్నాడు. కోర్టు పొడవు 94 అడుగులు. మనవాళ్లకి తెలిసేలా చెప్పాలంటే ఒకటిన్నర క్రికెట్ పిచ్‌కి కాస్త తక్కువ. ఆ దూరం పరిగెత్తి వెళ్లి కోల్‌మన్ షాట్‌ని ఆపాడు. ఇది రాసేముందు మీ ఊళ్లో కాలేజీ కోర్టుకి వెళ్లి ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి పరిగెత్తు. రిమ్ము కింద నిలబడి పైకి చూడు, పదడుగులు. ఊపిరి ఎక్కడ అందడం లేదో, కాళ్లు ఎక్కడ బరువెక్కాయో నీకు తెలిస్తే వాక్యం ఎక్కడ తుంచాలో అదే తెలుస్తుంది.

పేర్లు. జట్టు పేరు సెల్టిక్స్, ‘కెల్టిక్స్’ కాదు. రసెల్ కుటుంబం ఉన్న మసాచుసెట్స్ ఊరిని అక్షరాలు చూసి ‘రీడింగ్’ అని రాశావు, అక్కడివాళ్లు ‘రెడింగ్’ అంటారు. ఇలాంటివి పలికించి విని రాయాలి.

ఆ రెడింగ్ ఇంట్లోకి దుండగులు చొరబడి గోడల మీద జాతి దూషణలు రాసి, బహుమతులు పగలగొట్టి, మంచాల మీద మలవిసర్జన చేసి పోయారు. నువ్వు ఈ చోట ‘అమానుషం, హేయం, సభ్యసమాజం తలదించుకోవాలి’ అంటూ అర పేజీ రాశావు. గోడ, బహుమతులు, మంచం, ఈ మూడూ చెప్పి ఆగిపో. 1961లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ప్రదర్శన ఆటకి వెళ్లినప్పుడు హోటల్ కాఫీ షాపులో అతని నల్లజాతి సహచరులు శామ్ జోన్స్‌కీ టామ్ శాండర్స్‌కీ వడ్డించేది లేదన్నారు. రసెల్, మిగతా నల్లజాతి ఆటగాళ్లూ ఆట మానేసి విమానమెక్కి వచ్చేశారు. అక్కడ నువ్వు మన ఊళ్ల రెండు గ్లాసుల పద్ధతి ఎత్తి పోల్చావు. తీసెయ్. పోలిక తప్పని కాదు. మన పాఠకుడు ఆ కాఫీ షాపు దగ్గరికి వచ్చేసరికి ఆ రెండో గ్లాసు వాడంతట వాడికే గుర్తొస్తుంది. నువ్వు చెబితే తలూపి పేజీ తిప్పేస్తాడు, వాడికే తడితే ఆ పూట అన్నం సయించదు.

ఓటములు వదిలెయ్యకు. 1966లో అతన్ని ఆటగాడు-కోచ్‌గా ప్రకటించడం, ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ కావడం బాగా రాశావు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియా జట్టు చేతిలో ఓడిపోయింది ఏదీ? కోచ్‌గా శాక్రమెంటో జట్టుతో 17 గెలిచి 41 ఓడిన 1987-88 సీజన్ ఏదీ? ఫౌల్ జరిగినప్పుడు అడ్డం లేకుండా వేయనిచ్చే ఫ్రీ త్రోల్లో నూటికి 56 మాత్రమే పడేవన్న సంగతి ఏదీ? ఇవి లేకపోతే అది పటం కట్టి దండ వేసిన మనిషి కథ అవుతుంది.

ఇంకొకటి. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు మొదలైంది 1969లో, రసెల్ ఆఖరి సీజన్లో. అది ఓడిన లేకర్స్ తరఫున ఆడిన జెర్రీ వెస్ట్‌కి వచ్చింది. రసెల్‌కి ఎన్నడూ రాలేదు. 2009లో ఆ అవార్డుకి రసెల్ పేరే పెట్టారు. నువ్వు ‘ఆ అవార్డు ఎన్నోసార్లు గెలిచాడు’ అని రాశావు. అతను ఐదుసార్లు గెలిచింది సీజన్ ఎంవీపీ, అంటే సీజన్ మొత్తానికి ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు, అది వేరు.

చివరి అధ్యాయంలో అతని మనసులోకి దూరి రాయడం మానెయ్. 1972లో అతని 6వ నంబరు జెర్సీని బోస్టన్ గార్డెన్‌లో, జనాన్ని లోపలికి వదలకముందు, సహచరుల మధ్యే పైకెత్తించుకున్నాడు (ఆ నంబరు ఇక జట్టులో ఎవరికీ ఇవ్వరని దాని అర్థం). 1975లో బాస్కెట్‌బాల్ గొప్పవాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకకి వెళ్లలేదు. ‘అహంకారం వల్ల’ అని నువ్వు తీర్పు చెప్పేశావు. 2019లో ఆ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరం అందుకున్నప్పుడు అతనే కారణం చెప్పాడు: తనకంటే ముందు ఆ గౌరవం దక్కాల్సిన నల్లజాతి ఆటగాళ్లు ఉన్నారని. 1950లో ఎన్‌బీఏ జట్టు డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంచుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు చక్ కూపర్‌కి 2019లోనే చోటు దక్కింది, ఆ తర్వాతే రసెల్ ఉంగరం తీసుకున్నాడు. మధ్యలో 44 ఏళ్లు. ఆ తేదీలు వరుసగా పెట్టు, ‘అనుకున్నాడు’, ‘బాధపడ్డాడు’ అన్న మాటలన్నీ తీసెయ్.

2022లో అతను పోయాక ఆ 6వ నంబరుని లీగ్ మొత్తంలో కొత్తవాళ్లెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. అప్పటికే వేసుకుంటున్నవాళ్లకి మాత్రం మినహాయింపు. ఆ మినహాయింపు మాట మర్చిపోయావు.

అన్నీ ఒకేసారి తిరగరాయబోకు. ముందు 1957 ఏడో ఆట ఒక్కటే రాసి పంపు. కోల్‌మన్ దగ్గర బంతి పడ్డప్పటి నుంచి రసెల్ చెయ్యి తగిలేదాకా ఎనిమిది వాక్యాలు దాటకూడదు. దాళ్వా కోతల్లోపు నాకు అందేలా చూడు.

ఆశీస్సులతో.