క్వేక్ 3 అనే తుపాకుల ఆట సోర్స్ కోడ్ ఉచితం అంటారు గదా, బిల్డ్ చేశాక (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చాక) గేమ్ ఎందుకు తెరుచుకోదు? నల్లగొండ హాస్టల్ పిల్లలం దానికి కోడ్ రాయొచ్చా?

ఉచితమైంది ఇంజిన్, అంటే ఆటను నడిపించే ప్రోగ్రాం ఒక్కటే. 1999 నాటి క్వేక్ 3 అరీనా కోడ్‌ను 2005లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వదిలారు; వలంటీర్లు దాన్నే ఐఓక్వేక్3గా నడిపిస్తున్నారు. మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు ఉండే పాక్0.పీకే3 మాత్రం గేమ్ కొంటేనే వస్తుంది. దాన్ని బేస్‌క్యూ3 ఫోల్డర్‌లో పెట్టాలి, 1.32 ప్యాచ్ అనే అధికారిక అప్‌డేట్‌లోని పాక్1 నుంచి పాక్8 దాకా కూడా. కొనడం ఎందుకనుకుంటే అదే ఇంజిన్‌తో నడిచే ఉచిత ఆట ఓపెన్‌అరీనా ఉంది, దాని బొమ్మలు కూడా స్వేచ్ఛా లైసెన్సువే.

కోడ్ ఎవరైనా రాయొచ్చు. కాకపోతే కొత్త తుపాకీ పెడతామని మొదలుపెట్టకండి, అది మాడ్‌లో, అంటే ఆటకు విడిగా చేర్చుకునే మార్పులో చేసుకునే పని. ఒక బగ్‌కు ఒక చిన్న ప్యాచ్ (కోడ్ సవరణ), అంతే. నెట్‌వర్క్ సందేశంలో ఒక్క ఫీల్డు అటూఇటూ చేసినా పాత క్లయింట్లు (ఆటగాళ్ల దగ్గరున్న పాత గేమ్ కాపీలు) దాన్ని చదవలేవు; అలాంటి ప్యాచ్ ఎంత బాగున్నా లోపలికి రావడం కష్టం.

ప్యాచ్‌ను పరీక్షించే దగ్గరే చాలామంది దెబ్బతింటారు. హాస్టల్ ల్యాన్‌లో రెండు కంప్యూటర్లు కలిపి, గేమ్ వాడే యూడీపీ 27960 పోర్టు తెరిస్తే అంతా సాఫీగానే ఉంటది, పింగ్ (సందేశం వెళ్లి వచ్చే సమయం) దాదాపు సున్నా గనక. దేవరకొండలో మొబైల్ డేటా మీద ఆడేవాడి సంగతి వేరు. లినక్స్‌లో నెట్‌వర్క్‌ను కావాలనే చెడగొట్టి చూపే నెటెమ్‌తో 150 మిల్లీసెకన్ల ఆలస్యం, 2 శాతం ప్యాకెట్ నష్టం పెట్టి మళ్లీ ఆడండి. ఎదుటివాడు ఉన్నచోటు నుంచి ఎగిరి ఇంకోచోట తేలితే ముందు మీ ప్యాచ్ తీసేసి అదే ఆలస్యంతో చూడండి. అప్పుడూ అట్లనే ఉంటే తప్పు మీది కాదు.