డాక్టర్ సలహా: బోరు నీళ్ళ సంగతి సరే, ఆ నొప్పి మాత్రలేమిటి?

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. పలమనేరు దగ్గర టమాటా సాగు చేస్తాను. మా బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. కాచి తాగితే చాలా, ప్లాంటు క్యాన్లు కొనాలా? రోజుకు ఎన్ని లీటర్లు తాగాలి? తోటలో పనున్న రోజు నీళ్ళు పెద్దగా తాగను, మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. నడుము నొప్పికి మెడికల్ షాపు మాత్రలు మూడు నెలలుగా వాడుతున్నాను, వాటితో ఇబ్బంది లేదు.
– ఒక రైతు

జవాబు: మీరు అడిగింది నీళ్ళ గురించే అయినా, చివర్లో ‘ఇబ్బంది లేదు’ అని మీరే తేల్చేసిన మాత్రల దగ్గర నా కన్ను ఆగిపోయింది. మిమ్మల్ని పరీక్షించకుండా జబ్బు ఉందని గానీ లేదని గానీ చెప్పడం సరికాదు. అయితే ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా, ఆపైన నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మూత్రపిండాలకు హాని చేయగలదని మాత్రం చెప్పక తప్పదు.

మన శరీర బరువులో దాదాపు 60 శాతం నీరే. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, లీటరున్నర, రెండు లీటర్లు మినహా అంతా తిరిగి రక్తంలోకే చేరుస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటికి రక్తం అందేలా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు రక్తనాళాలను తెరిచి ఉంచుతాయి; డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నొప్పిని తగ్గించేది ఆ పదార్థాలను అడ్డుకునే. మూత్రపిండాలు చాలావరకు దెబ్బతినేదాకా నొప్పి కూడా తెలియదు కనుక, ఇబ్బంది లేదన్న మీ మాట నాకు ధైర్యాన్నివ్వడం లేదు.

మా ఓపీలో చాలామంది కవరులోంచి కత్తిరించిన మాత్రల ముక్కలు తీసి బల్లమీద పోస్తారు. పేరున్న భాగం షాపులోనే ఉండిపోతుంది. మిగిలిన వెండిరేకు మీద సగం అక్షరాలు. ‘తెల్లది పొద్దున, పచ్చది రాత్రి’ అంటే ఏ డాక్టరైనా ఏం చెప్పగలడు? వాటిలో స్టెరాయిడ్ కూడా ఉండవచ్చు; నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే కాబట్టి, సొంతంగా కొనసాగించకుండా, సొంతంగా ఆపకుండా, ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించండి. బీపీ, షుగరు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతోందేమో చూసే పరీక్ష అవసరమవుతాయి. మూత్రం బాగా తగ్గినా, కాళ్ళూ మొహమూ వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎన్ని లీటర్లన్నది అందరికీ ఒకటే లెక్క కాదు. మూత్రం లేత పసుపు రంగులో వచ్చేలా, దాహం వేసేదాకా ఆగకుండా, పని మధ్యలో కొంచెం కొంచెంగా తాగాలి. గుండె లేదా మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి.

కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు, నైట్రేటు పోవు. నీరు ఆవిరైన కొద్దీ కాస్త చిక్కబడతాయి కూడా. ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది, ఫ్లోరైడు తెలియదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీటి వసతి లేకుంటే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చుననీ భారత ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఫ్లోరైడు ఎక్కువని తేలితే ప్లాంటులో ఆర్వో పద్ధతిలో వడపోసిన నీరే మేలు; ఖనిజాలు ప్రధానంగా తిండి నుంచే వస్తాయి కనుక ఆ బెంగ అక్కరలేదు, క్యాను శుభ్రంగా ఉందో లేదో చూసుకోండి.

మరో మాట. మందు కొట్టిన స్ప్రేయర్‌ను బోరు గట్టుమీదే కడిగే అలవాటు మన పల్లెల్లో చాలాచోట్ల ఉంది. కేసింగ్ పైపు పైనున్న మెత్తటి నేల వరకే ఉంటుంది. దాని చుట్టూ సందు ఉంటే ఆ కడుగునీరు మీరు తాగే నీటిలోకే దిగవచ్చు. స్ప్రేయర్ కడగడం, పశువుల కట్టు, మరుగుదొడ్డి గుంత బోరుకు దూరంగా ఉండాలి. నీటి నమూనా ఇవ్వడానికి చిత్తూరు వెళ్ళే రోజే, కత్తిరించని మాత్రల అట్టతో డాక్టరు దగ్గరికీ వెళ్ళిరండి. రెండు పనులకూ ఒకటే బస్సు చార్జీ.