సముద్రపు దొంగ రోగ్ అయి తీరాలా?

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ పాత్రలు పోషించే ఆట డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌లో సముద్రపు దొంగ పాత్ర తయారు చేస్తున్నానని, చాటుమాటు పనులకు పేరైన రోగ్ కాకుండా వేరే క్లాస్ (పాత్ర వృత్తి) తీసుకోవచ్చా అని అడిగారు. నిరభ్యంతరంగా తీసుకోండి. నన్నడిగితే రోగ్ జోలికి పోకపోవడమే మేలు. టోపీ, కత్తి, వెటకారం ఉన్న స్వాష్‌బక్లర్ రోగ్‌ను చూసి చూసి విసుగెత్తింది.

2014 నాటి ఐదో ఎడిషన్ నిబంధనలతో ఆడే మా బృందంలో నా దొంగ సరంగు ఒక క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే భక్తుడు. అందులోనూ తుపాను దేవతల శాఖ, టెంపెస్ట్ డొమైన్. పడవ నీళ్లలోకి దించే ముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టే మత్స్యకారులను చూస్తూ పెరిగాను. దొంగయితే మాత్రం సముద్రానికి మొక్కడా? పాత్ర నేపథ్యంగా సెయిలర్ (నావికుడు) తీసుకుంటే అథ్లెటిక్స్ (ఈత, ఎక్కడం లాంటివి), పర్సెప్షన్ (పసిగట్టడం), పడవ నడిపే నేర్పు దానితోనే వచ్చేశాయి. ఇక ఓడ బతుకు కోసం క్లాస్‌ను ఖర్చు చేయడం ఎందుకు?

రెండో లెవల్లో ఉండగా రేవులో సుంకం సిపాయిలు మా ఓడ ఎక్కారు. దొంగసరుకున్న చిన్న పడవను ఫాగ్ క్లౌడ్ అనే పొగమంచు మంత్రంతో కప్పేసి, నేను డెక్ మీద నిలబడి రశీదుల గురించి వాదన పెట్టుకున్నాను. ఒకడికి ఒళ్లు మండి ఈటెతో పొడిచాడు. దెబ్బ తగిలితే మంత్రం చెదిరిపోవచ్చు; దాన్ని నిలుపుకోవడానికి వేసే పాచిక, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్, గట్టెక్కి పొగమంచు నిలిచింది. వెంటనే, కొట్టినవాడి మీదికి పిడుగు తిప్పికొట్టే రాత్ ఆఫ్ ద స్టార్మ్ ప్రయోగించాను. తప్పించుకోవడానికి వాడు వేసిన సేవ్ తప్పింది. రెండు ఎనిమిది ముఖాల పాచికలు చేతిలోకి తీసుకుని, వేయకుండానే బల్ల మీద పెట్టేశాను. డిస్ట్రక్టివ్ రాత్ అనే మరో శక్తి వాడితే పాచికలు వేసే పని లేదు, దెబ్బ నేరుగా గరిష్ఠం, 16. మామూలు గార్డుకు ఉండే హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, 11. మిగతా సిపాయిలు రశీదు మాట మళ్లీ ఎత్తలేదు.

"క్లెరిక్ అన్నాక గుడి, ప్రవచనం ఉండొద్దా?" అని ఆట నడిపే మా డీఎం (డన్‌జన్ మాస్టర్) గొణిగారు. గొణగనివ్వండి.

మధ్యలో రోగ్ లెవల్ ఒకటి కలపమనే సలహాదారులు మీకూ తగులుతారు. అందుకు డెక్స్‌టెరిటీ (చురుకుదనం), విజ్‌డమ్ (వివేకం) రెండూ కనీసం 13 ఉండాలి, పై స్థాయి మంత్రాలు ఒక లెవల్ ఆలస్యమవుతాయి. ఆ పెద్దమనుషులకు ఆట కన్నా లెక్కల మీదే మోజు. ఒకాయన తన పాత్ర పేరైనా చెప్పకముందే 20వ లెవల్ దాకా పట్టిక చదివి వినిపించారు. ఆ ఆట నాలుగో లెవల్ దాటలేదు.

మీ దొంగ మాటకారి అయితే పాటలతో మాయ చేసే బార్డ్ చూడండి. సముద్రగర్భంలోని ఏ శక్తితోనో ఒప్పందం ఉంటే 2020లో వచ్చిన ఫాథమ్‌లెస్ వార్‌లాక్ ఉంది. నాలాగే టెంపెస్ట్ క్లెరిక్ అంటారా, బరువైన కవచంతో నీళ్లలో పడితే ఏమవుతుందో మీ డీఎంను ముందే అడిగి పెట్టుకోండి. మా బల్ల దగ్గర ఆ వాదన ఇంకా తెగలేదు.