నాలుక వెనక బుడిపెలు, గొంతులో అడ్డం.. ఇది క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది టెక్కలి దగ్గర పల్లె. మూడు వారాలుగా గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంటోంది. అన్నం మాత్రం బాగానే దిగుతోంది. ఫోన్ లైటు వేసి అద్దంలో చూసుకుంటే నాలుక బాగా వెనక వరసగా బుడిపెలు కనిపించాయి. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అంగిట్లో క్యాన్సర్ వచ్చి పోయింది. అమ్మకూ ఆ అలవాటు ఉంది. రాత్రంతా నెట్‌లో వెతుకుతూ కూర్చుంటున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే భయం. ఏం చేయాలి?
- ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, అమ్మమ్మను అలా పోగొట్టుకున్న ఇంట్లో ఈ భయం రాకుండా ఎలా ఉంటుంది? ముందు బుడిపెల సంగతి చెబుతాను. నాలుక మొదట్లో, ఇంగ్లిష్ ‘వి’ అక్షరం ఆకారంలో, రెండు పక్కలా ఒకేలా 8 నుంచి 12 దాకా ఉంటే అవి అందరి నాలుక మీదా ఉండేవే. ఇన్నాళ్లూ మీరు అంత లోపలికి చూసుకోలేదు. ఇప్పుడు రోజూ నాలుక లాగి వేలితో తడుముతుంటే ఒరుసుకుని ఇంకా ఎర్రబడతాయి. ఆ పని మానేయండి.

గొంతులో అడ్డం ఉత్తి ఉమ్మి మింగినప్పుడే తెలిసి, అన్నం తినేటప్పుడు తెలియకపోతే చాలామందిలో దానికి కారణం కడుపులోని పులుపు పైకి తన్నడమో, దిగులో. మీకు నిద్ర కూడా లేదు. అయినా చూడకుండా ఏమీ లేదని నేను చెప్పకూడదు. మూడు వారాలైంది కాబట్టి ఈ వారంలోనే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో, అదే మనం రిమ్స్ అనేదాంట్లో, చెవి ముక్కు గొంతు విభాగంలో చూపించుకోండి.

మీరు రాసినదాంట్లో నేను ఆగిపోయింది ఒక్క మాట దగ్గర: ‘అమ్మకూ ఆ అలవాటు ఉంది.’ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తే ఆ సెగ, పొగ నేరుగా అంగిటికే తగులుతాయి. ఏళ్ల తరబడి కాలి అంగిలి తెల్లగా మందమవుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో అక్కడే పుండు పడి క్యాన్సర్‌గా మారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. అందుకే ‘నాకేటీ నొప్పి లేదు కదా’ అని మన తల్లులు నోరు చూపించరు. ఆ మాట నా దగ్గర ఎంతమంది అన్నారో! పగటి వెలుతురులో అమ్మను తల వెనక్కి వాల్చి నోరు బాగా తెరవమనండి. కట్టుడు పళ్లుంటే తీసేయమనండి. తుడిచినా పోని తెల్లమచ్చ, మఖ్మల్‌లా ఎర్రగా ఉన్న చోటు, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఏమీ కనిపించకపోయినా ఒకసారి డాక్టరు చూడాల్సిందే.

గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, మెడలో గడ్డ తగిలినా, ముద్ద దిగకపోయినా, ఒక్క చెవిలోనే పోటు వస్తున్నా ఎవరైనా సరే వెంటనే చూపించుకోవాలి.

అనుమానం వస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందని ఊళ్లో అంటారు, నమ్మొద్దు. ముక్క పరీక్ష చేయకుండా అది ఏమిటో తేలదు. తొందరగా తెలిస్తే చిన్న ఆపరేషన్‌తోనే బయటపడేవాళ్లు ఎక్కువ. చుట్ట మానేస్తే అంగిటి మీది మార్పులు చాలావరకు తగ్గుతాయి కూడా.

నీకు చూపిద్దాం అంటే అమ్మ కదలదు. ‘నాకు బాగోలేదు, తోడు రామ్మా’ అని అడగండి. అక్కడికి వెళ్లాక ఇద్దరికీ చీటీ రాయించండి.