దసరా సెలవుల్లో మసాయి మారా

ప్రశ్న: ఈమధ్యే ఉపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేశాను, నా వయసు 61. దసరా సెలవుల్లో భార్యను, ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలిని తీసుకుని ఆఫ్రికా సఫారీకి వెళ్లాలని ఉంది. కెన్యాలోని మసాయి మారా మంచిదా, టాంజానియాలోని సెరెంగెటి జాతీయ పార్కు మంచిదా? ఆరు రోజుల్లో రెండూ చూపిస్తామని ఒక ఏజెంటు అంటున్నారు. – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ మాటకు దయచేసి ఒప్పుకోకండి. 14,763 చదరపు కిలోమీటర్ల సెరెంగెటి, 1,510 చదరపు కిలోమీటర్ల మారా ఒకదానికొకటి ఆనుకుని ఉన్న గడ్డి మైదానాలే. నడుమ కంచె లేనందున జంతువులు యథేచ్ఛగా దాటుతాయి గానీ, యాత్రికులు చెక్‌పోస్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి, దానికే దాదాపు ఒక రోజు పోతుంది.

లక్షలాది వైల్డ్‌బీస్టులు (జింక జాతికి చెందిన పెద్ద జంతువులు) జూలై నుంచి అక్టోబరు దాకా పచ్చిక కోసం మారా వైపు వస్తాయి కనుక, దసరాకు వెళ్లేవారికి మారాయే తగినది. అక్కడే నాలుగు రాత్రులు ఉండండి. మన ఏటూరునాగారం అడవిలో అడవిదున్న కనబడినా రెప్పపాటులో చెట్ల చాటుకు పోతుంది. మారాలో సింహం గడ్డిలో పడుకుని ఉంటే గంటసేపు చూడవచ్చు. వైల్డ్‌బీస్టులు నది దాటే ఘట్టం మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. మంద ఒడ్డుకు వచ్చి, మొసళ్లున్న నీటిని చూస్తూ ముందుకూ వెనక్కూ ఊగిసలాడి, ఒక్కోసారి దిగకుండానే మళ్లిపోతుంది. ఒకటి దూకిందా, వెనకున్నవన్నీ దుమ్ము రేపుకుంటూ దాని వెంటే దూకేస్తాయి.

సెరెంగెటి మీదే మనసుంటే మేడారం జాతర జరిగే మాఘమాసం దాకా ఆగండి. పాత అగ్నిపర్వతాల బూడిదతో సారవంతమైన దక్షిణ మైదానాల్లో వైల్డ్‌బీస్టులు ఆ రోజుల్లోనే ఈనుతాయి. దూడ పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి తల్లి వెంట పరుగెత్తుతుంది.

అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోండి. వేయించుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. అయితే అరవై దాటినవారికి అరుదుగానైనా తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం ఉన్నందున మీరు ముందు వైద్యుడికి చూపించుకోవాలి. మలేరియా మాత్రల గురించీ అప్పుడే అడగండి. భూమధ్యరేఖకు దగ్గరే అయినా ఎత్తైన ప్రాంతం కాబట్టి తెల్లవారుజామున చలి ఉంటుంది, స్వెట్టర్లు తప్పనిసరి. ముదురు నీలం, నలుపు బట్టలకు రక్తం పీల్చే సెట్సీ ఈగలు మూగుతాయి.

ఇంకొక్క మాట, డ్రైవరుకు మొదటి రోజే చెప్పండి: మంద నదిలోకి దిగబోతున్నప్పుడు ఎంత మంచి ఫొటో వచ్చేటట్లున్నా జీపును దాని దారికి అడ్డం పెట్టవద్దని.